గాయపడిన బంగారు చేపకు ఉపచారము
(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పైరులను గురించి చెప్పవలసినవాడు గాజుతొట్టిలోని చేపల ముచ్చట ఎత్తుకొన్నాడేమని నవ్వకుడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు గ్రామములకు పోయినప్పుడు శనగ, అరటి, చీనీ తోటల మాట ముగియగానే ఇంటి పిల్లలు నన్ను తొట్టి వద్దకు లాగుకొనిపోయి "సార్, దీని తోక చూడండి" అని అడుగుట పరిపాటియైనది.

బంగారు చేప చైనా దేశమున వెయ్యేండ్లకు పూర్వమే పెంపకమునకు వచ్చినది. మన చెరువులలోని బంగారుతీగ, బొచ్చె చేపల కుటుంబమునకే చెందినది. తోక పొడవైన రకములు మెల్లగా ఈదును, తప్పించుకొనలేవు. తిలాపియా వంటి పోట్లాట చేపలను కలిపినచో రెక్కలు చినుగును. అంగడిలో అద్దము శుభ్రముచేయునని అమ్మెడి చేప మరింత మోసకారి. రాత్రివేళ బంగారు చేప ప్రక్కలకు నోటితో అంటుకొని జిగురుపొరను గీకివేయును. తెల్లవారి ప్రక్కల ఎర్రమచ్చలు కనిపించినచో ముందు దానినే అనుమానించవలెను.

గాయపడిన చేపను వెంటనే వేరుచేయవలెను. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకొందును. ఒకసారి తోక చినిగిన చేపను పెరటిలో చేతికందిన బకెట్టులో వేసితిని. అందులో అంతకుముందు పురుగుమందు కలిపియుండిరి; కడిగిరి కూడ. గంట తిరుగకముందే చేప వెల్లకిలపడినది. సైపర్‌మెత్రిన్ జాతి మందులు లేశమైనను చేపలకు విషము. మా అమ్మాయి రెండు దినములు నాతో మాట్లాడలేదు. కనుక మందుగాని, సబ్బుగాని తగలని తొట్టినే తీసికొనుడు.

కొళాయి నీరైనచో క్లోరిన్ పోవుటకు వెడల్పు పాత్రలో ఒక దినము ఉంచవలెను. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ. రెండు బిందెల నడుమ ఎత్తునుండి పదిమార్లు తిరుగబోయవలెను. 20 లీటర్ల నీటికి 50 గ్రాముల కల్లుప్పు వేరుగా కరగించి, మూడు విడతలుగా ఒక దినములో కలుపవలెను. గాయము గుండా మంచినీరు చేప దేహములోనికి చొరబడుచుండును. దానిని వెలికి త్రోయుటకే దాని శక్తి ఖర్చగును. ఉప్పు ఆ శ్రమను తగ్గించును. రోజూ మూడవవంతు నీరు తీసి, అదే పాళ్ళలో ఉప్పు కలిపిన నీరు పోయుచు వారము దినములు జరుపవలెను. లేనిచో చేప విసర్జించు అమ్మోనియాయే దానిని చంపును. మొదటి దినము మేత వద్దు; తరువాత చిటికెడు చాలును. మన వేసవిలో తొట్టి తప్పక నీడన ఉండవలెను, వేడి నీటిలో ప్రాణవాయువు నిలువదు.

పసుపు పూయవచ్చునా యని అవ్వలు అడుగుదురు. చేపను పట్టి రుద్దుటలో ఉన్న జిగురుపొర కూడ పోవును. పైరుల తెగుళ్ళ మందులు నీటిలో కలుపుట అంతకన్న పొరపాటు.

మొదలు చెడని రెక్క కొన్ని వారములలో తిరిగి పెరుగును. అంచున పలుచని క్రొత్త పొర కనబడుట మంచి గుర్తు. పోయిన కన్ను రాదు, అయినను చేప వాసనపట్టి మేత తినును. గాయముపై దూదివలె బూజు పెరిగినను, పొలుసులు నిక్కినను, పశువైద్యునిగాని మత్స్యశాఖవారినిగాని అడుగుడు.

మానిన చేపను పాత తొట్టిలో విడుచునప్పుడు మేతవేళ గమనించుడు. మరల కరచినచో రెండింటిని శాశ్వతముగా వేరుచేయుడు. అంతేగాని కరచు చేపను పెన్నలోగాని, మైలవరము జలాశయములోగాని వదలకుడు. అద్దము నాకు ఆ చేపయే తొట్లనుండి బయటపడి చెరువులలో దెయ్యపుచేపయై, చేపల రైతుల వలలు చింపుచున్నది.