వీధి ఎత్తు, గడప ఎత్తు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



మీరందఱును నేడు ఒక మెట్టు దిగి మన పాఠశాలలోనికి వచ్చితిరి. మేము ఈ బడిలోనే చదువుకొనునాడు మూడు మెట్లెక్కి వచ్చెడివారము. భవనము క్రుంగలేదు, వీధి పెరిగినది. బాగుచేసిన ప్రతిసారియు పాత తారుమీదనే క్రొత్త తారు పోసిరి. గడచిన కార్తికమాసపు వానకు ఒకటవ తరగతి గదిలో చీలమండ లోతు నీరు నిలిచి పిల్లల పుస్తకములు తడిసిపోయినవి. కావుననే నేడు వీధిని గూర్చి ముచ్చటింపదలచితిమి.

మన మధుర వీధులు సామాన్యమైనవి కావు. మీనాక్షీ ఆలయము చుట్టును చిత్తిరై, ఆవణిమూల, మాసి, వెలి వీధులు ఒకదాని వెలుపల నొకటిగా అమరియున్నవి. తిరుమల నాయకుడు (1623–1659) మాసి నెలలోని ఉత్సవమును చిత్తిరైకి మార్చెనందురు; అయినను తేరు నేటికిని మాసి వీధులలోనే సాగుచున్నది. 1840 దశాబ్దిలో కలెక్టరు బ్లాక్‌బర్న్ కోటగోడలు పడగొట్టించి అగడ్త పూడ్పించెను. ఆ పనిలో పాలుగొన్న పెరుమాళ్ మేస్త్రి పేర ఒక వీధి కలదు. మేస్త్రి పేరు వీధికి నిలుచుట అరుదు. అందుకు మేము సంతసింతుము.

2016లో మధుర స్మార్ట్ సిటీ పథకమున చేరిన పిమ్మట మాసి, చిత్తిరై వీధులను బాగుచేసిరి. చిత్తిరై వీధులలో పఱచిన రాయి చూపున కింపుగానే యున్నది. కాని గుడికి పోవువారు చెప్పులు విడిచి నడచెదరు గదా! ఎండకాలపు మిట్టమధ్యాహ్నమున రాయి ఎట్లుండునో మన అవ్వలను అడిగిన చెప్పుదురు. వీధి వేయువారు ఒకమారు వట్టికాళ్లతో నడచి చూచుట మేలు.

ఇక మన సందు సంగతి. దీనికిని వంతు వచ్చినదని విని భయపడితిమి. పాత తారు పొరను చెక్కి తీసిన పిమ్మటనే క్రొత్త పొర వేయవలెనని 2021లోనే తమిళనాడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఆదేశించియున్నారు. ఆదేశము కాగితముపై నున్నది. తారు మాత్రము మన గుమ్మమున నున్నది. నడిమి నుండి ప్రక్కలకు పది అడుగులకు సుమారు 3 అంగుళముల వాలుండిన నీరు కాలువకు పోవును. ఆ కాలువయు పూడియుండరాదు. కాలిబాట ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదని నియమము. మించిన ముసలివారు దాని నెక్కలేక నడివీధినే పోవుదురు. మల్లెపూలు అమ్ముకొను తల్లులను తొలగించి బాట వేయుట మాకు సమ్మతము కాదు. 2014 నాటి చట్టము వారికిని చోటు చూపవలెననుచున్నది.

ఎనిమిదవ తరగతి బాలబాలికలు నీటిగొట్టముతో మట్టము చూచి, సందులోని గడపలన్నియు కొలిచిరి. మన గడపకంటె వీధి 7 అంగుళముల ఎత్తున నున్నది. ఆ కొలతలు జతపఱచిన అర్జీ వాకిట బల్లపై నున్నది. సోమవారము మేమే స్వయముగా దానిని తీసికొనిపోవుదుము. సంతకము చేయువారు పొరుగువారిని గూడ పిలువుడు. పోవునపుడు మెట్టెక్కవలసియున్నదని పెద్దలకు మనవి, దీపము లేదు.