కోరిక తీరుతుంది, లక్ష్యం తీరదు: కొన్ని ఇంగ్లీషు మాటల అర్థచ్ఛాయలు

తెలుగులో కోరిక తీరుతుంది, కల నిజమవుతుంది, ఆశ ఫలిస్తుంది, మొక్కు చెల్లుతుంది, గమ్యం చేరతారు, లక్ష్యం సాధిస్తారు. వీటిని తారుమారు చేసి ‘గమ్యం తీరింది’, ‘కోరికను ఛేదించారు’ అంటే బడి మొహం చూడని అవ్వ కూడా నవ్వుతుంది. ఇంగ్లీషులోనూ ఇదే కట్టుబాటు ఉంది. టార్గెట్‌ను హిట్ చేస్తారు, గోల్‌ను రీచ్ అవుతారు, పర్పస్‌ను సర్వ్ చేస్తారు, యాంబిషన్‌ను ఫుల్‌ఫిల్ చేసుకుంటారు. నిఘంటువు తెరిస్తే ఈ మాటలు ఒకదానికొకటి అర్థాలుగా తిరుగుతుంటాయి. తేడాను పట్టిచ్చేది అర్థం కన్నా పక్కనుండే క్రియే.

ఈ తేడాకు కాగితం మీద విలువ కట్టే చోట్లలో విమానం ఎక్కడానికి ముందు నింపే దరఖాస్తు ఒకటి. మహేశ్వరం మండలంలోని మంఖాల్ ఒకప్పుడు శ్రీశైలం రోడ్డు దగ్గరి ఊరు. 2008 మార్చి 23న శంషాబాద్‌లో విమానాల రాకపోకలు మొదలయ్యాక విమానాశ్రయం దగ్గరి ఊరు కూడా అయింది. ఈ చుట్టుపక్కల అమెరికా చదువుకు సిద్ధమయ్యే పిల్లలు విశ్వవిద్యాలయానికి ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’ రాస్తారు. వీసా కిటికీ దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. అక్కడ చూసేది ఇంటెంట్. అమెరికా వలస చట్టం 214(బి) సెక్షన్ ప్రకారం, చదువు వీసా అడిగే మనిషిని అక్కడే ఉండిపోవడానికి వస్తున్నవాడిగానే మొదట లెక్కవేస్తారు. కాదని మెప్పించే భారం అడిగినవాడిదే. హెచ్1బీ ఉద్యోగులకు ఆ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. ఎందుకు వెళ్తున్నావన్నదానికి జవాబు పర్పస్. వెళ్లాక ఏం చేయాలని మనసులో నిశ్చయించుకున్నావన్నది ఇంటెన్షన్. మొదటిది నలుగురికీ చూపించగలిగేది, రెండోది లోపలి సంగతి. పర్పస్ అంటే మూలంలో ఎదుట పెట్టుకున్నదనీ, ఇంటెన్షన్ అంటే దేనివైపో సాగడమనీ అర్థం.

తెలుగు దస్తావేజుల్లో రెంటికీ ‘ఉద్దేశం’ అనే రాస్తారు. ఇంటి గడపలో మాత్రం ఎవరూ ఉద్దేశం అడగరు, ‘ఏం పని మీద వచ్చారు?’ అంటారు. ఇంగ్లీషు పర్పస్‌కు ఇంతకన్నా సొంపైన తెలుగు లేదు. పూజలో చెప్పే సంకల్పం ఇంకో అడుగు ముందుంది. కర్త శ్రీశైలానికి ఏ దిక్కున కూర్చున్నాడో (మంఖాల్ అయితే వాయవ్యాన), ఏ సంవత్సరం, ఏ తిథి, ఏ గోత్రం, ఏ పేరు, ఏ ఫలం కోసమో వరసగా చెప్పాకే చేతిలో అక్షతలు, నీళ్లు పళ్లెంలోకి జారతాయి. ఊరు, పేరు, ఎందుకు అన్నవి వీసా దరఖాస్తులోనూ ఉంటాయి. కాకపోతే సంకల్పంలో పర్పస్, ఇంటెన్షన్ ఒకే ఊపిరిలో కలిసిపోతాయి, అనుమానించే అధికారి ఉండడు.

ఎయిమ్, గోల్, ఆబ్జెక్టివ్, టార్గెట్ మరింత చిక్కు జట్టు. ఎయిమ్ లాటిన్‌లో అంచనా కట్టడమనే మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. గోలీలాడే పిల్లవాడు మోకాలు నేలకానించి, ఒక కన్ను మూసి, వేలిని విల్లులా వెనక్కి వంచినప్పుడు చేసేది ఎయిమ్. దానికి అచ్చ తెలుగు గురి. గోలీ ఇంకా వేలి మీదే ఉంది, తగులుతుందో లేదో తెలియదు. అందుకే తప్పిపోయినా ఎయిమ్ ఎయిమే. గోల్ మొదట పరుగుపందెం ముగిసే చోటు. అక్కడికి చేరితే పని అయిపోతుంది, గమ్యం అన్న తెలుగు దానికి సరిగ్గా అతుకుతుంది. టార్గెట్ అంటే మొదట చిన్న డాలు, తరవాత విలుకాండ్రు కొట్టే గుండ్రటి బల్ల. గీతలు గీసి ఉంటాయి కాబట్టి ఎంత దూరంలో తప్పిందో కొలవవచ్చు. నేటికీ టార్గెట్‌కు అంకె కావాలి. ఆబ్జెక్టివ్ సైన్యం బాగా వాడుకున్న మాట. ఈ దాడిలో పట్టుకోవలసిన వంతెన, ఆ గుట్ట అన్నట్టు పెద్ద పనిలో తేల్చిచెప్పిన ఒక మెట్టు.

ఈ మెట్లను తెలుగులో నిక్కచ్చిగా పాటించేవి ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాలు. ఎయిమ్ ఉద్దేశం, ఆబ్జెక్టివ్ లక్ష్యం, దాన్ని పిల్లవాడి ప్రవర్తనలో చూపేది స్పష్టీకరణ. డీఎస్సీకి చదివేవారికి ఇది నోటికి వస్తుంది. ప్రభుత్వ తెలుగులో ఈ శ్రద్ధ కనిపించదు. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి ప్రణాళికలో 17 గోల్స్, వాటి కింద 169 టార్గెట్లు ఉన్నాయి. అందరికీ ఆరోగ్యం గోల్. 2030కల్లా ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలను 70 లోపుకు తేవడం టార్గెట్. తెలుగులో పైవీ లక్ష్యాలే, కిందివీ లక్ష్యాలే. చదివేవాడికి 17 ఉన్నాయో 169 ఉన్నాయో అర్థం కాదు. రాజ్యాంగ సభలో 1946 డిసెంబరు 13న నెహ్రూ ప్రవేశపెట్టిన ఆబ్జెక్టివ్స్ రిజల్యూషన్‌ను కొన్ని పుస్తకాలు లక్ష్యాల తీర్మానం అంటే, కొన్ని ఆశయాల తీర్మానం అన్నాయి. రెండోదే మేలు. అందులో ఉన్నవి గీతలు గీసిన బల్లలు కావు, స్వేచ్ఛ, న్యాయం, సమానత్వం వంటివి.

ఇంత బరువు మోస్తున్న ‘లక్ష్యం’ అనే మాటకు ఇంట్లో మరో బతుకుంది. పెద్దల మాట లక్ష్యపెట్టడు అంటే లెక్కచేయడని. నిర్లక్ష్యం అంటే గమ్యం లేకపోవడం కాదు, పట్టింపు లేకపోవడం. అరువు తెచ్చుకున్న టార్గెట్ కూడా రంగు మార్చుకుంది. ‘ఈ నెల టార్గెట్ కాలేదు’ అనే సేల్స్ కుర్రాడిది ఇంగ్లీషు అర్థమే. ‘నన్నే టార్గెట్ చేస్తున్నారు’ అనే ఉద్యోగి మాటలో అంకె లేదు, కక్ష ఉంది.

యాంబిషన్‌కు ఒక్క మాటలో తెలుగు దొరకదు. రోమ్‌లో ఓట్ల కోసం ఇంటింటికీ తిరగడం దాని పుట్టుక. షేక్‌స్పియర్ నాటకంలో సీజర్‌ను చంపినవాళ్లు అతని మీద మోపిన నేరమూ అదే. తరవాతి కాలంలో మాట మర్యాద సంపాదించుకుంది. తెలుగు ఇంకా రెండుగానే చూస్తుంది: మెచ్చితే ఆశయం, మెచ్చకపోతే పదవీకాంక్ష. ఎన్నికల ముందు పత్రికలు టికెట్ కోసం తిరిగేవారిని ‘ఆశావహులు’ అంటాయి, రోమన్ అర్థానికి అదే దగ్గర. ఆస్పిరేషన్ మూలం ఊపిరి ఊదడం. వ్యాకరణంలో ఖ, ఘ, ఛ వంటి మహాప్రాణాలకు ఇంగ్లీషువారు పెట్టిన పేరులోనూ అదే ధాతువు ఉంది. యాంబిషన్ పదవిని కోరుతుంది, ఆస్పిరేషన్ ఎత్తును కోరుతుంది. 2018 జనవరిలో కేంద్రం వెనుకబడిన జిల్లాలకు ‘ఆస్పిరేషనల్’ అని పేరు పెట్టింది. కడప, ఆసిఫాబాద్, భూపాలపల్లి వాటిలో ఉన్నాయి. ఇంగ్లీషులో కోరుకునేది జిల్లా. తెలుగులో స్థిరపడిన ‘ఆకాంక్షిత జిల్లా’కు వ్యాకరణం చెప్పే అర్థం, ఎవరో కోరుకున్న జిల్లా అని. కర్త కర్మ అయిపోయాడు.

హోప్‌ను ఆశ అనడంలోనూ ఇబ్బంది ఉంది. ఆశపోతు, పేరాశ, దురాశ అన్న చుట్టాలు ఆశకు ఎక్కువ. ఇంగ్లీషు హోప్‌లో పేరాశ వాసన లేదు, క్రైస్తవంలో అది విశ్వాసం, ప్రేమల సరసన నిలిచే సద్గుణం. తెలుగు బైబిలు అనువాదకులకు ఇది తగిలే ఉండాలి. వారు ఆశను పక్కనపెట్టి ‘నిరీక్షణ’ అన్నారు. బస్టాండులో చేసే ఎదురుచూపుకు భక్తి గౌరవం అలా దక్కింది.

హోప్ జరగగలిగినదాన్ని కోరుతుంది, విష్ జరగనిదాన్ని కూడా కోరగలదు. చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం మొక్కుకుని 11 ప్రదక్షిణలు చేసి, కోరిక తీరాక 108 చేస్తామనుకునేవారిది హోప్. వీసా ఇంకా రావచ్చు. జరిగిపోయిన ఇంటర్వ్యూ మరోలా జరిగి ఉండాలనుకోవడం విష్, అప్పుడు ఇంగ్లీషు క్రియను భూతకాలంలోకి వెనక్కి నెడుతుంది. తెలుగు ఈ పనిని నామవాచకానికి వదలకుండా క్రియ చివరనే చేసేస్తుంది. విమానాశ్రయంలో రాకపోకల తెర ముందు నిలబడ్డ తల్లి ‘పిల్లవాడు ఈ విమానంలో వస్తే బాగుండు’ అంటే తలుపు ఇంకా తెరిచే ఉంది. ‘వచ్చి ఉంటే బాగుండేది’ అంటే చివరి పెట్టె కూడా బయటికి వచ్చేసిందని అర్థం.