ఫ్లోరోసిస్ బాధితులం - మా ఏర్పాటు



మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు మనవాళ్ల బాధ మీకు తెలియనిది కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును బాగా మించిన ఫ్లోరైడు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుస్తాయి, మెడ తిరగదు, నడుము వంగుతుంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్లు మనవలకు మేలే చేశాయి. మన వంగిన నడుములు నిలబడవు గదా!

అందుకని మా వీధి నలుగురం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఒకే ఆటోలో పోతున్నాం. పాత గుమాస్తాను గనక ఫారాలు నింపడం నాది. మెడ తిరిగే ఆయన రోడ్డు దాటిస్తారు. వేళ్లు ముడుచుకుపోయి సంతకం కుదరని ఆయనకు వేలిముద్ర నామోషీ. పక్కన మేం నిలబడితే వేస్తారు.

కిందటేడు మాలో ఒకరు పోయారు. ఈసారి ఆటోలో ఒక చోటుంది. కావలసినవారు నాకు చెప్పండి.