మూటకు నంబరు, చేరితే రసీదు
(వార్షికోత్సవ సభలో విద్యార్థుల తరఫున చేసిన ప్రసంగం)



మేము షోలాపూర్ నేత ఇళ్ల పిల్లలం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఇంజనీరింగుకొచ్చాక ఇంగ్లీషు. అక్కడ కంప్యూటర్ నెట్‌వర్క్స్ అని ఒక సబ్జెక్టు ఉంది. "ఇంటర్నెట్ అంటే ఫోన్లో ఉండేదే గదా, దాన్ని మళ్లీ చదివేదేముంది?" అని ఇంట్లో అడిగారు. ఆ ప్రశ్నకే ఈ నాలుగు మాటలు.

మొదటి పరీక్షలో మాలో చాలామందికి మార్కులు రాలేదు. ఏడు పొరల పేర్లు బట్టీపట్టాం గానీ, అవెందుకో తెలీలేదు. మన ఇళ్ల పని గుర్తుకొచ్చాకే దారి దొరికింది. దూరపు ఊరికి చద్దర్లు పంపాలంటే మూటలు కడతాం. ప్రతి మూట మీదా చిరునామా, నంబరు వేస్తాం. అన్నీ ఒకే లారీలో పోవు. వెనకది ముందు చేరినా నంబరు చూసి సర్దుకుంటారు, అందినట్టు రసీదు ఇస్తారు. ఇంటర్నెట్లో చిరునామా పని ఐపీది. నంబర్లు, రసీదులు టీసీపీవి. రసీదు రాకపోతే టీసీపీ ఆ ముక్కనే మళ్లీ పంపుతుంది.

దీనికి పునాది వేసిన పత్రాన్ని వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రచురించారు. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ ఈ పద్ధతికి మారింది. యంత్రం ఏ కంపెనీదైనా పాటించాల్సిన ఒప్పందం ఒక్కటే. ఆ ఒప్పందమే ప్రోటోకాల్. ఆ నియమాలు రాసిన ఆర్‌ఎఫ్‌సీ పత్రాలు ఎవరైనా పైసా కట్టకుండా చదవొచ్చు. రాకపోకలను కళ్లారా చూపే వైర్‌షార్క్ కూడా ఉచితమే. ఫీజు కట్టడానికే వెతుక్కునే మనలాంటి ఇళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. మాలో ఒకరింటికి టవళ్లు కొంటానని ఒకడు ఫోన్ చేశాడు. అడ్వాన్సు పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండన్నాడు. కొట్టారు. రెండు నెలల కూలి పోయింది. ఇంట్లో నెట్‌వర్క్స్ చదివే పిల్ల ఉండి కూడా పోయింది. ఆ రోజు మాకు సిగ్గేసింది.

అప్పుడు బాగా తెలిసింది. బ్రౌజర్లో కనిపించే తాళం గుర్తు మన మాట దారిలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది. అవతలి మనిషి మంచోడని మాత్రం చెప్పదు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు మన దగ్గర్నుంచి పోతోందని అర్థం.

అందుకే పెద్దలను కోరుతున్నాం. ఆదివారం ఒక గంట సమాఖ్య హాలు మాకివ్వండి. ఫోన్లు తీసుకుని రండి, పక్కన కూర్చుని చూపిస్తాం. చదువుకునే పిల్లలకు మీరు మూటల లెక్క, జాకార్డు అట్టల లెక్క చెప్పండి. మాకు పాఠం అర్థమైంది అక్కడినుంచే.