అంకె పెరిగిన రోజు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము, బడిపంతుళ్లం. అయినా మూడేళ్లుగా మా ఇల్లు ఒక జబ్బుతో కాపురం చేస్తోంది కనుక దాని గురించే నాలుగు మాటలు చెబుతాం. మా పెద్దన్నయ్యకు ప్రోస్టేట్ క్యాన్సర్. ఈ మాట పైకి అనడానికే మాకు ఏడాది పట్టింది. మూత్రం సంగతి కదా, మగవాళ్లం నోరు విప్పం.

ఈ క్యాన్సర్‌కు మేత టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్. దాన్ని అణచితే జబ్బు తగ్గుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ అనే వైద్యుడు చూపించారు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అన్నయ్యకు ఇందుకోసం మూడు నెలలకొక ఇంజెక్షన్ ఇస్తున్నారు. జబ్బు ఎంత అణిగిందో రక్తంలో పీఎస్‌ఏ పరీక్షతో చూస్తారు.

మొదట 64 ఉన్న పీఎస్‌ఏ ఏడాది లోపే 0.4కు దిగింది. ఇంట్లో పండగే. తప్పు చేసింది అక్కడే. వానాకాలం, ఘాట్ రోడ్డు మీద రాళ్లు జారిపడ్డాయి. ‘తగ్గింది కదా, వచ్చే నెల వెళ్దాంలే’ అనుకుంటూ ఇంజెక్షన్‌ను ఐదు వారాలు వాయిదా వేశాం. తర్వాత పరీక్షలో 1.9 వచ్చింది. భయంతో మర్నాడే ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే 2.6. ఆ రాత్రి అన్నయ్య అన్నం ముట్టలేదు. ‘ఇక నన్ను విశాఖ తిప్పొద్దురా, ఆ డబ్బు పిల్లల చదువుకు పెట్టు’ అన్నారు.

డాక్టరుగారు రెండు కాగితాలూ పక్కన పెట్టి ముందు ఇంజెక్షన్ తేదీ అడిగారు. టెస్టోస్టెరాన్ కూడా చూపించమన్నారు. అదీ పెరిగే ఉంది. అంటే మందు పని చేయక కాదు, మందు అందక. టెస్టోస్టెరాన్ అణిగి ఉండగా కూడా పీఎస్‌ఏ వరుసగా పెరుగుతూ పోతే అప్పుడు మందు మార్చే ఆలోచన చేస్తారట. ల్యాబ్ మారితే, పద్ధతి మారితే ఒకే మనిషి రక్తానికి అంకె వేరుగా రావచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరగవచ్చు. అలాగని అంకెనే నమ్ముకోకూడదు. అది బాగున్నా వెన్నునొప్పి ముదిరితే, కాళ్లు పట్టుతప్పితే వెంటనే వెళ్లాలి.

ఒక్క యూనిట్ టెస్టులో మార్కులు తగ్గిన పిల్లవాణ్ణి మేము ఫెయిల్ చేయం. సొంత ఇంటికొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైందో!

ఇప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టాం. ఇంజెక్షన్ తేదీ, పరీక్ష తేదీ, ల్యాబ్ పేరు, రెండు అంకెలు. పరీక్ష ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో. ఆ తర్వాత 0.6, 0.9, 0.7 వచ్చాయి. 0.9 వచ్చిన రోజు ఎవరం కేకలు పెట్టలేదు గానీ, నిద్ర మాత్రం పట్టలేదు.

విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చింతపల్లి నుంచి నర్సీపట్నం మీదుగా దిగి అక్కడికి చేరడమే కష్టం. జీతం ఉన్న మేమే ఐదు వారాలు ఆగిపోయాం. గూడెం నుంచి వచ్చే కూలి మనిషికి బస్సు ఛార్జీ, రాత్రి బస, తోడొచ్చినవారి కూలి, అన్నీ నష్టమే. మందుల కోసం మీరు ఇస్తూనే ఉన్నారు. ఈ ఏడాది దారి ఖర్చుకు కూడా కొంత విడిగా తీయమని అడుగుతున్నాం, వానలకు ముందే.

అన్నయ్య తర్వాతి ఇంజెక్షన్ ఈ నెల 19న. బడికి సెలవు చీటీ ఇచ్చేశాం.