ఇంగ్లీషు బి.ఎ. – ముందే వేసుకోవలసిన బాట
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. డిగ్రీ కళాశాలల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి కనుక, ఇంగ్లీషు సాహిత్యం ప్రధానాంశంగా బి.ఎ. చేరే పిల్లల సంగతికే పరిమితమవుతాను.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నా దగ్గర చదివిన ఒక అమ్మాయికి 'గైడు చదువమ్మా, ఫస్టుక్లాసు వస్తుంది' అని సలహా ఇచ్చాను. వచ్చింది. తీరా ఎం.ఎ. ప్రవేశ పరీక్షలో ఎన్నడూ చూడని పద్యం ఇచ్చి భావం రాయమంటే కలం కదల్లేదు. 'మూడేళ్లలో ఒక్క పుస్తకమైనా పూర్తిగా చదవలేదు మాస్టారూ' అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అందుకే మా మనవరాలు ఈ కోర్సు చదువుతానన్నప్పుడు ఇద్దరం కాగితం ముందుపెట్టుకుని కూర్చున్నాం. 'షేక్స్పియర్‌తో మొదలుపెట్టనా తాతయ్యా?' అని అడిగింది. వద్దన్నాను.

మొదటి ఏడు మనకు దగ్గరగా ఉన్నవి చదవాలి. ఆర్.కె. నారాయణ్ 1935లో వెలువరించిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' లాంటివి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివితే భయం పోతుంది. రోజూ ఒక పేజీ సొంతంగా రాయాలి.

రెండో ఏడు షేక్స్పియర్ నాటకం ఒకటి పూర్తిగా చదవాలి. చరిత్ర తోడుగా ఉండాలి. 1789 నాటి ఫ్రెంచి విప్లవం తెలియకపోతే, 1798లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి తెచ్చిన 'లిరికల్ బాలడ్స్' వెనుక ఉన్న ఆవేశం అందదు. అందుచేత రెండో సబ్జెక్టు ఎంచుకునే వీలుంటే చరిత్ర మంచిదని నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో మేజరు, మైనరు పద్ధతి ప్రవేశపెట్టారు. నిబంధనలు మారుతుంటాయి కనుక చేరే ముందు కళాశాలలో అడిగి తెలుసుకోండి.

మూడో ఏడు విమర్శ, భాషాశాస్త్రం, అనువాదం. గురజాడవారు 1910లో రాసిన 'దిద్దుబాటు'ను ఇంగ్లీషులోకి మార్చి చూడమన్నాను. రెండు భాషల బలమూ, మన బలహీనతా అక్కడే బయటపడతాయి. తెలుగు వదిలేసి ఇంగ్లీషు పట్టుకోవడం తెలివి కాదు.

రెండో ఏడు ముగిసేసరికి తరువాతి దారి తేల్చుకోవాలి. బడిపంతులు ఉద్యోగానికి బి.ఇడి. కావాలి. పై చదువుకు మన హైదరాబాదులోనే ఇఫ్లూ ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్‌గా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. కళాశాల అధ్యాపకులు కాదలచినవారు నెట్ పరీక్ష సంగతి ఇప్పుడే తెలుసుకోవాలి. మూడు గంటల్లో 150 ప్రశ్నలు. సాధారణ వర్గం వారికి ఎం.ఎ.లో 55 శాతం మార్కులుండాలి.

'ఇంగ్లీషు బి.ఎ. చదివి ఏం చేస్తావు?' అని పిల్లల్ని నిలదీయకండి. 'ఈ నెల ఏ పుస్తకం పూర్తి చేశావు?' అని అడగండి. ఆనాడు ఆ అమ్మాయిని నేను అడగవలసిన ప్రశ్న అదే.