ముందు కొలత, తరువాతే పానా
(డెలానీపూర్‌లో ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగ విరమణ తరువాత ఇంటి వసారాలోనో, పెరటి రేకుల పాకలోనో చిన్న వడ్రంగి పనిశాల ఏర్పరచుకున్నవారు మనలో ఉన్నారు. ఉద్యోగంలో ఉంటూనే సెలవు దినాలలో ఈ పనికి పూనుకున్నవారూ ఉన్నారు. వారు నన్ను అడిగే ప్రశ్నలలో అధిక భాగం ఒకే యంత్రాన్ని గురించినవి. జాయింటర్ అని అమ్మేవారు, రందా మిషను అని వడ్రంగులు పిలిచే యంత్రమది. “పలక అంచు తిన్నగా రావడం లేదు, రెండు పలకలు కలిపితే మధ్యలో వెలుతురు కనిపిస్తున్నది, చివర పల్లం పడుతున్నది” అన్నవే వారి ఫిర్యాదులు. నేటి ప్రసంగానికి ఇదే విషయం.

ఇది చిన్న విషయంగా తోచవచ్చును. కాని ఈ దీవులలో దీనికి రెండు విధాల ప్రాముఖ్యం ఉన్నది. మొదటిది కలప. మనకు సమీపంలోని చాథం రంపపు మిల్లు 1883లో ఏర్పడినది. పడాక్, గర్జన్ వంటి దీవుల కలపను తరతరాలుగా కోసిన మిల్లు అది. 2002 మే 7న సుప్రీం కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఈ దీవుల సహజారణ్యాలలో చెట్ల నరికివేతకు కఠినమైన కట్టుబాట్లు వచ్చినవి. కావున మన చేతికి వచ్చిన పడాక్ పలకను తేలికగా చూడరాదు. అమరిక చెడిన యంత్రంపై అదే పలకను పదిసార్లు నడిపితే, మందం పొట్టుగా మారిపోవడమే గాని అంచు తిన్నబడదు. రెండవది మన వేళ్ళు. యంత్రం సరిగా కోయనప్పుడు మనిషి బలంగా నొక్కుతాడు. బలంగా నొక్కిన చేయి జారితే చేరేది కత్తుల మీదికే.

యంత్రం పనిచేసే తీరును ముందు మనసులో నిలుపుకొనవలెను. జాయింటర్‌కు రెండు బల్లలు, వాటి మధ్య తిరిగే కత్తుల దిమ్మె ఉంటాయి. పలకను తోసే వైపున్నది ముందు బల్ల. కోత పడిన పలక చేరేది వెనుక బల్ల. ఒక్క పర్యాయంలో ఎంత మందం తీయదలచామో అంత మేరకు ముందు బల్ల దిగువన ఉంటుంది. వెనుక బల్ల మాత్రం కత్తి మొన తిరిగే వలయపు అత్యున్నత స్థానానికి సరిసమానంగా ఉండవలెను. రెండు బల్లలూ ఎత్తులో భిన్నంగా ఉన్నా ఒకదానికొకటి సమాంతరంగా ఉండి తీరవలెను. ఈ మూడు సంబంధాలలో ఏది తప్పినా పలక ఆ తప్పును చూపిస్తుంది. పలక చెప్పే సాక్ష్యాన్ని చదవడం నేర్చుకుంటే సగం పని ముగిసినట్లే.

ఆ సాక్ష్యం ఇట్లు ఉంటుంది. పలక చివరి రెండు మూడు అంగుళాలలో హఠాత్తుగా లోతైన కోత పడితే వెనుక బల్ల కత్తుల కంటె దిగువన ఉన్నదని అర్థం. పలక తోక ముందు బల్లను వదిలిన క్షణంలో ఆ కొద్దిపాటి ఎత్తు జారి కత్తిపై పడుతున్నది. పలక తల వెనుక బల్ల పెదవికి తగిలి ఆగినా, మొదట్లో ఎక్కువగా, పోను పోను తక్కువగా కోత పడి పలక ఏటవాలుగా వచ్చినా, వెనుక బల్ల కత్తుల కంటె ఎత్తున ఉన్నది. ఈ రెండూ కాక, పలక పొడవునా మెల్లగా వంపు వస్తుంటే తప్పు బల్లల సమాంతరతలో ఉన్నది. బల్లల బయటి కొసలు పైకి లేచి ఉంటే పలక మధ్యలో ఉబ్బుతుంది. కొసలు వాలి ఉంటే మధ్యలో పల్లం పడుతుంది.

ఈ వంపును పట్టడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. మీటరు పొడవున్న రెండు పలకల అంచులను యంత్రంపై నడిపి, ఆ అంచులను ఒకదానికొకటి ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడవలెను. మధ్యలో సందు ఉంటే రెండింటికీ పల్లం, కొసలలో సందు ఉంటే రెండింటికీ ఉబ్బు. కనిపించే సందు ఒక్కొక్క పలకలోని తప్పుకు రెట్టింపు గనుక కంటికి తేలికగా చిక్కుతుంది.

ఈ మాటలు అచ్చులో చదివే రైల్వే సోదరులకు ఇందులో కొత్త ఏమీ లేదు. పట్టా వంపు సరిగా ఉన్నదా అని కంటితో చూసి ఎవరూ సంతకం పెట్టరు. 20 మీటర్ల తాడును పట్టాకు ఆనించి బిగించి, మధ్య బిందువు వద్ద వెర్సైను కొలుస్తారు. రెండు పట్టాల ఎత్తులలో తేడా కొంత దూరం పోయేసరికి మారితే దానిని ట్విస్టు అంటారు. జాయింటర్ బల్లలకూ ఇదే దోషం రావచ్చును. ఒక్కొక్క బల్లపై అడ్డంగా ఒక తిన్నని బద్దను ఉంచి, ఒక కొస నుండి వంగి చూస్తే రెండు బద్దల పై అంచులు కలిసి కనిపించవలెను. ఒక పక్క లేచి కనిపిస్తే బల్లలు మెలి తిరిగినట్లు. ఇక తపాలా సోదరులకు చెప్పవలసినది ఇంకా సులభం. తూకపు యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపని పక్షంలో దానిపై తూచిన ప్రతి పార్సెలూ తప్పే. జాయింటర్‌కు ఆ సున్నా వెనుక బల్ల.

ఇప్పుడు సరిదిద్దే క్రమం. అన్నిటికంటె ముందు ప్లగ్గు ఊడదీయవలెను. స్విచ్చి ఆపితే చాలదు. ప్లగ్గు కంటికి కనిపించే చోట ఉండవలెను. కత్తులు నిశ్చలమైన తరువాతనే చేయి దగ్గరకు పోవలెను.

రెండవ మెట్టు, బల్లలు జారే గాడిలోని గిబ్ పట్టీ మరలనూ, బిగింపు పిడినీ పరీక్షించడం. బల్ల కొసను చేతితో ఎత్తి చూస్తే కదలిక తెలిసిపోతుంది. ఆ మరలు వదులైన బల్ల తన బరువుకే వాలుతుంది. అట్టి బల్లను కొలిచి ప్రయోజనం లేదు, నేటి కొలత రేపు ఉండదు. ఎన్నో సందర్భాలలో వ్యాధి ఇక్కడనే కుదురుతుంది.

మూడవ మెట్టు, ముందు బల్లను వెనుక బల్ల ఎత్తుకు తెచ్చి, నమ్మకమైన తిన్నని ఉక్కు బద్దను రెండింటిపై పొడవునా పెట్టి, ఫీలర్ గేజితో సందులు కొలవడం. బద్ద తిన్ననిదేనా అన్న సందేహం ఉంటే కాగితంపై దాని వెంబడి గీత గీసి, బద్దను తిరగవేసి అదే గీతకు ఆనించి మరల గీయవలెను. రెండు గీతలూ ఒకటైతే బద్ద సత్యమైనది. బల్ల వాలినట్లు తేలితే గాడిలో తగిన చోట పలుచని ఇత్తడి రేకు ముక్క పెట్టి ఎత్తవలెను.

నాలుగవ మెట్టు కత్తులు. తిన్నని కర్ర బద్దను వెనుక బల్లపై ఉంచి, దాని కొస కత్తులపైకి వచ్చునట్లు చేసి, దిమ్మెను బెల్టు ద్వారా మెల్లగా తిప్పవలెను. కత్తి బద్దను తాకి కొద్ది దూరం మోసుకొని పోతుంది. దూరం మూడు మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటే సరిపోతుంది. కత్తికి రెండు కొసల వద్దా, మిగిలిన కత్తులన్నిటి వద్దా అదే దూరం రావలెను. బద్దను తాకని కత్తి కోయదు. మిగిలిన వాటి పని కూడా ఒక్క కత్తియే చేస్తే పలకపై అలలు పడతాయి.

అయిదవ మెట్టు ఫెన్సు. మూలమట్టంతో తొంభై డిగ్రీలు చూచి బిగించవలెను. మూలమట్టాన్నీ గుడ్డిగా నమ్మరాదు. తిన్నని అంచు నుండి ఒక గీత గీసి, మట్టాన్ని బోర్లించి అక్కడనే మరొక గీత గీస్తే దాని నిజం తేలుతుంది.

ఈ క్రమాన్ని తలక్రిందులు చేయరాదు. బల్లలు వాలి ఉండగా కత్తులు సరిచేస్తే, బల్లలు ఎత్తిన మరునాడు కత్తుల పని మొదటికి వస్తుంది. ఒకసారి ఒక్క మరనే తిప్పి, ఎంత తిప్పినదీ నోటు పుస్తకంలో వ్రాసి, ఒక పలక నడిపి చూసిన తరువాతనే రెండవ మర ముట్టవలెను. నాలుగు మరలు ఒకేసారి తిప్పితే ఏది మందు, ఏది విషం అన్నది తెలియదు.

యంత్రానిది కాని తప్పు కూడా ఉన్నది. రెండు రుతుపవనాలూ తడిపే ఈ దీవులలో, సరిగా ఆరని పలక సాయంత్రం తిన్నగా ఉండి తెల్లవారేసరికి మెలి తిరగవచ్చును. అందుకు మరలు తిప్పి ప్రయోజనం లేదు. కోసిన వెంటనే కొలిచి, మరునాడు మరల కొలవవలెను. మొదటి కొలత సరిగా ఉండి రెండవది తప్పితే దోషం తేమది. పడాక్‌లో నార ఎదురు తిరిగిన చోట పెచ్చులు లేస్తే అదీ అమరిక దోషం కాదు. పలక దిశ మార్చి, కోత తగ్గించి చూడవలెను. ఉప్పు గాలికి బల్లలు తుప్పు పట్టకుండా పని ముగిసిన ప్రతిసారీ తుడిచి మైనం రాయవలెను.

చివరగా ఒక మాట. 1948 నాటి కర్మాగారాల చట్టం 21వ సెక్షన్ యంత్రాల ప్రమాదకర భాగాలకు రక్షణ కవచం ఉండవలెనని శాసించినది. ఆ నియమం వెనుక ఎందరో కార్మికుల తెగిన వేళ్ళు ఉన్నవి. ఇంటి వసారాలోని యంత్రాన్ని చూడటానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. అక్కడ యజమానీ మనమే, కార్మికుడూ మనమే. కావున కత్తులపై కవచం తీసివేయరాదు. అడుగు కంటె పొట్టి పలకను జాయింటర్‌పై నడపరాదు. తోపుడు దిమ్మ లేకుండా పలకను అదిమి నడపరాదు. చేతి తొడుగులు వేసుకొనరాదు. ఒక పర్యాయానికి ఒక మిల్లీమీటరు తీస్తే చాలును.

పని చెడినప్పుడు మొదట పనివాని చేతిని నిందించే అలవాటు లోకంలో ఉన్నది. మన ఇంటి పనిశాలలో మన చేతినే మనం నిందించుకొని మరింత గట్టిగా నొక్కడం కూడా ఆ అలవాటే. నొక్కవద్దు, ఆపండి. ప్లగ్గు తీయండి, కొలవండి. తప్పు ఎక్కడ ఉన్నదో కొలత చెప్పిన తరువాతనే పానా పట్టండి. కలప మిగులుతుంది, వేళ్ళూ మిగులుతాయి.